పెద్రి తొలి సీజన్: 73 మ్యాచ్‌ల లెక్క ఎవరి పద్దులో ఉంది?

క్లుప్తంగా: స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ పెద్రి 2020–21లో క్లబ్బుకూ, జాతీయ జట్టుకూ, ఒలింపిక్స్ జట్టుకూ కలిపి 73 మ్యాచ్‌లు ఆడాడు. అప్పటికి అతనికి ఇంకా 19 ఏళ్లు నిండలేదు. మరుసటి సీజన్‌లో తొడ కండరాల గాయాల వల్ల లీగ్‌లో 12 మ్యాచ్‌లకే పరిమితమయ్యాడు. అతన్ని ఆడించిన ప్రతి ఒక్కరికీ తగిన కారణమే ఉంది. అయితే ఆ మ్యాచ్‌లన్నిటినీ ఒకచోట కూడే బాధ్యత మాత్రం ఎవరికీ లేదు. కుర్ర ఆటగాళ్ల విషయంలో బార్సిలోనాకూ స్పెయిన్ ఫుట్‌బాల్ సమాఖ్యకూ మధ్య నేటికీ రేగుతున్న వివాదాల మూలం ఇక్కడే ఉంది.

తెగెస్తే నుంచి లాస్ పాల్మాస్‌కు

పెద్రి అసలు పేరు పెద్రో గొంజాలెజ్ లోపెజ్. 2002 నవంబరు 25న కానరీ దీవుల్లోని టెనెరీఫెలో పుట్టి, అదే దీవిలోని తెగెస్తే అనే చిన్న ఊళ్లో పెరిగాడు. ఆ కుటుంబానికి ఊళ్లో ఒక భోజనశాల ఉంది. బార్సిలోనా అభిమానుల సంఘం కూడా అక్కడి నుంచే నడిచేది. ఆ సంఘాన్ని స్థాపించింది తాతగారు. ఇంట్లో అన్నం తినే పళ్లేల మీద కూడా బార్సా చిహ్నమే ఉండేదని పెద్రి తర్వాత చెప్పుకొచ్చాడు. కుర్రవాడిగా ఉన్నప్పుడు రియల్ మాడ్రిడ్ అతన్ని పరీక్షకు పిలిపించింది. ఆ వారం మాడ్రిడ్‌లో మంచు కురిసి సాధన సరిగా సాగలేదు. అతను ఇంకా ఆ స్థాయికి చేరలేదని చెప్పి తిప్పి పంపారు.

2018లో అతను లాస్ పాల్మాస్ యువజట్టులో చేరాడు. లాస్ పాల్మాస్ గ్రాన్ కనారియా దీవి జట్టు, టెనెరీఫెకు బద్ధ ప్రత్యర్థి. టెనెరీఫె కుర్రవాడు ఆ పసుపు చొక్కా తొడగడం దీవుల్లో అంత తేలిగ్గా మింగుడుపడే సంగతి కాదు. (ఈ క్లబ్బుకు మన హైదరాబాద్‌తోనూ ఒక చుట్టరికం ఉంది. 2021–22లో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు అందించిన కోచ్ మనోలో మార్కెజ్ 2017లో కొద్దికాలం లాస్ పాల్మాస్ ప్రధాన జట్టుకు శిక్షకుడు. పెద్రి చేరేనాటికే ఆయన అక్కడి నుంచి తప్పుకున్నారు.)

2019 ఆగస్టు 18న వెస్కాతో జరిగిన రెండో డివిజన్ మ్యాచ్‌లో కోచ్ పెపే మెల్ అతన్ని బరిలోకి దింపాడు. పెద్రికి అప్పటికి 16 ఏళ్ల 8 నెలలు. పదిహేను రోజులకే, సెప్టెంబరు 2న, బార్సిలోనా అతన్ని కొన్నట్టు ప్రకటించింది. ధర 50 లక్షల యూరోలు. ఆడిన మ్యాచ్‌లను బట్టి, ఫలితాలను బట్టి అదనపు చెల్లింపులు ఉంటాయి. మరుసటి వేసవి వరకు అతను లాస్ పాల్మాస్‌లోనే ఆడాలన్నది ఒప్పందం. ఆ సీజన్‌లో అతను 36 లీగ్ మ్యాచ్‌లు ఆడి 4 గోల్స్ కొట్టాడు.

ఈ మొదటి మెట్టును చాలామంది తేలిగ్గా దాటేస్తారు గానీ, భారం మొదలైంది ఇక్కడే. పెద్ద క్లబ్బుల అకాడమీలో పెరిగే 16 ఏళ్ల కుర్రాడు సాధారణంగా వారానికి ఒక్క మ్యాచ్, అదీ తన ఈడువాళ్లతో, తన ఊరి చుట్టుపక్కలే ఆడతాడు. స్పెయిన్ రెండో డివిజన్‌లో 22 జట్లుంటాయి, ఒక్కో జట్టుకు 42 మ్యాచ్‌లు. ఎదుట నిలిచేది ముప్పై దాటిన రాటుదేలిన డిఫెండర్లు. పైగా లాస్ పాల్మాస్ ఉన్నది ఆఫ్రికా తీరానికి చేరువలోని దీవిలో కాబట్టి, ప్రధాన భూభాగంలో ఆడాల్సిన ప్రతి మ్యాచ్‌కూ విమానం ఎక్కక తప్పదు. బార్సిలోనా గడప తొక్కేనాటికే పెద్రి కాళ్లలో ఒక నిండు వృత్తి సీజన్ ఉంది.

54లో 52

2020 వేసవిలో బార్సిలోనా పరిస్థితి ఏమంత బాగా లేదు. ఆగస్టు 14న లిస్బన్‌లో బయెర్న్ మ్యూనిక్ చేతిలో 8–2తో చిత్తయింది. కోచ్ మారాడు. లూయిస్ సువారెజ్, ఇవాన్ రాకితిచ్, ఆర్తురో విదాల్ వెళ్లిపోయారు. కోవిడ్ వల్ల స్టేడియం ఆదాయం పడిపోయి, అప్పులు పెరిగి, కొత్త ఆటగాళ్లను కొనే స్తోమత లేకుండా పోయింది. పెద్రిని కొన్నాళ్లు మరో క్లబ్బుకు అరువు ఇస్తారన్న మాట కూడా వినిపించింది. కొత్త కోచ్ రొనాల్డ్ కూమన్ సాధనలో అతని ఆట చూశాక ఆ ఆలోచన వెనక్కి వెళ్లింది.

సెప్టెంబరు 27న విల్లారియల్‌తో మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా మొదలుపెట్టాడు. అక్టోబరు 20న ఫెరెన్స్‌వారోష్‌పై చాంపియన్స్ లీగ్‌లో తొలి గోల్ చేశాడు, నాలుగు రోజులకే రియల్ మాడ్రిడ్‌తో మ్యాచ్‌లో మొదటి పదకొండు మందిలో ఉన్నాడు. నవంబరు 7న బెటిస్‌పై లీగ్‌లో తొలి గోల్ కొట్టాడు. సరిగ్గా ఆ మ్యాచ్‌లోనే 18 ఏళ్ల అన్సు ఫాతి మోకాలికి దెబ్బ తగిలి మైదానం వీడాడు. ఆ మోకాలు అతని కెరీర్ గతినే మార్చేసింది. డిసెంబరు 29న ఫిలిప్ కుతిన్యో కూడా మోకాలి గాయంతో దూరమయ్యాడు. వాళ్ల స్థానాలన్నీ నింపగల ఆటగాడు పెద్రి ఒక్కడే అయ్యాడు. ఎడమ అంచున, స్ట్రైకర్ వెనుక, మధ్యలో, ఎక్కడ నిలబెడితే అక్కడ ఒదిగిపోయే గుణమే అతనికి విశ్రాంతి లేకుండా చేసింది. ఒకే స్థానంలో ఆడేవాడికి పోటీదారు ఉంటే బెంచీ దక్కుతుంది, మూడు స్థానాల్లో ఆడగలిగేవాడికి ఎక్కడో ఒకచోట ఖాళీ దొరుకుతూనే ఉంటుంది.

ఆ రోజుల నాటి ఒక ఫొటో స్పెయిన్ అంతా తిరిగింది. మ్యాచ్ ముగిశాక తన సామాను ప్లాస్టిక్ సంచిలో వేసుకుని బార్సిలోనా స్టేడియం క్యాంప్ నౌ నుంచి టాక్సీలో ఇంటికి బయల్దేరిన కుర్రాడి ఫొటో అది. వంట నేర్చిన అన్న అతనితోపాటు బార్సిలోనాలోనే ఉండి వండిపెట్టేవాడు. జీవితం ఇంకా తెగెస్తే కుర్రాడిదే అయినా పని మాత్రం పూర్తిస్థాయి సీనియర్‌దే.

ఆ సీజన్‌లో బార్సిలోనా లీగ్, కప్, సూపర్ కప్, చాంపియన్స్ లీగ్ అన్నీ కలిపి 54 మ్యాచ్‌లు ఆడింది. పెద్రి 52 ఆడాడు. కోవిడ్ వల్ల ఆలస్యంగా మొదలైన సీజన్ కనుక అవన్నీ సెప్టెంబరు 27కూ మే 22కూ మధ్య, ఎనిమిది నెలల లోపే కుదించుకున్నాయి. సగటున నాలుగున్నర రోజులకో మ్యాచ్ పడింది. సగటు ఇక్కడ అసలు సంగతిని కొంత దాచిపెడుతుంది, ఎందుకంటే కప్పూ యూరప్ మ్యాచ్‌లూ పడిన వారాల్లో ఆ వ్యవధి మూడు రోజులకు దిగుతుంది. ఒక మ్యాచ్ అలసట నుంచి శరీరం కోలుకోవడానికి దాదాపు మూడు రోజులు పడుతుందని క్రీడా వైద్యులు చెబుతారు.

ఒకే వేసవిలో రెండు టోర్నీలు

2021 మార్చి 25న గ్రీస్‌తో మ్యాచ్‌లో జాతీయ సీనియర్ జట్టులోకి వచ్చిన పెద్రి, జూన్ నాటికి కోచ్ లూయిస్ ఎన్రికేకు తప్పనిసరి ఆటగాడయ్యాడు. ఐరోపా దేశాల చాంపియన్‌షిప్ అయిన యూరో టోర్నీలో స్పెయిన్ ఆరు మ్యాచ్‌లు ఆడింది. అందులో మూడు 30 నిమిషాల ఎక్స్‌ట్రా టైమ్‌కు వెళ్లాయి కాబట్టి మొత్తం 630 నిమిషాలు. పెద్రి 629 నిమిషాలు మైదానంలోనే ఉన్నాడు. క్రొయేషియాతో మ్యాచ్‌లో దాదాపు 45 మీటర్ల దూరం నుంచి అతను వెనక్కి ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ ఉనయ్ సిమోన్ అదుపు చేయలేకపోవడంతో అది పెద్రి ఖాతాలో సెల్ఫ్ గోల్‌గా పడింది. ఆ తర్వాత కూడా అతని ఆటలో తొట్రుపాటు కనిపించలేదు. ఇటలీతో సెమీఫైనల్‌లో 66 పాస్‌లు ఇస్తే 65 గురి తప్పలేదు. టోర్నీ ఉత్తమ యువ ఆటగాడి బహుమతి అతనికే దక్కింది.

సెమీఫైనల్ జూలై 6న లండన్‌లో ముగిసింది. పదహారు రోజుల తర్వాత, జూలై 22న, అతను జపాన్‌లోని సప్పొరోలో ఒలింపిక్స్ తొలి మ్యాచ్ ఆడుతున్నాడు. ఒలింపిక్స్‌లోనూ స్పెయిన్‌కు ఆరు మ్యాచ్‌లే, వాటిలోనూ మూడు ఎక్స్‌ట్రా టైమ్‌కు వెళ్లాయి. ఆగస్టు 7న యొకొహామాలో బ్రెజిల్ చేతిలో 2–1తో ఓడి రజతంతో తిరిగొచ్చారు. ఆగస్టు 15న స్పెయిన్ లీగ్ అయిన లా లిగాలో బార్సిలోనా తొలి మ్యాచ్‌కే పెద్రి మళ్లీ ఆ చొక్కాలో ఉన్నాడు.

పాఠకులను ఎక్కువగా తికమక పెట్టే ప్రశ్న ఇక్కడే వస్తుంది. వద్దనుకుంటే క్లబ్బు ఆపలేకపోయిందా? ప్రపంచకప్, యూరో, ఫిఫా క్యాలెండర్‌లోని అంతర్జాతీయ విరామాలకు ఆటగాళ్లను పంపడం క్లబ్బులకు తప్పనిసరి. పురుషుల ఒలింపిక్స్ ఆ జాబితాలో లేదు. 2008లో లియొనెల్ మెస్సీ విషయంలో బార్సిలోనాయే కోర్టుకెక్కి గెలిచింది. పంపాల్సిన బాధ్యత క్లబ్బులకు లేదని స్విట్జర్లాండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం తేల్చింది. ఆ తర్వాత క్లబ్బు తనంతట తానే మెస్సీని బీజింగ్‌కు పంపింది.

మెస్సీ అర్జెంటీనా పౌరుడు. పెద్రి స్పెయిన్ పౌరుడు, ఆడేది స్పెయిన్ క్లబ్బుకు. అప్పట్లో అమల్లో ఉన్న స్పెయిన్ 1990 నాటి క్రీడల చట్టం ప్రకారం సమాఖ్యలో నమోదైన ఆటగాడు జాతీయ జట్టు పిలుపు వస్తే వెళ్లి తీరాల్సిందే. అంటే ఫిఫా నిబంధన క్లబ్బుకు తెరిచి ఉంచిన తలుపును దేశ చట్టం మూసింది. ఆ ఏడాది యూరో జట్టు నుంచి సిమోన్, పావ్ టోరెస్, ఎరిక్ గార్సియా, డాని ఓల్మో, మికెల్ ఓయార్జబాల్, పెద్రి ఆరుగురూ టోక్యో వెళ్లారు. వారిలో ఓల్మో ఆడుతున్నది జర్మనీలోని లీప్‌జిగ్‌కు. ఆ క్లబ్బుకు స్పెయిన్ చట్టం వర్తించదు కాబట్టి ఇష్టపడే పంపింది. రెండు టోర్నీలు మరీ ఎక్కువని కూమన్ బహిరంగంగానే అన్నాడు, అంతకుమించి చేయడానికి అతని చేతిలో ఏమీ లేకపోయింది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. వృత్తి క్రీడాకారుల ఉద్యోగ షరతులను నిర్దేశించే 1985 నాటి స్పెయిన్ ప్రభుత్వ ఉత్తర్వు, ఆటగాడికి ఏడాదికి 30 రోజుల వేతనంతో కూడిన సెలవు హక్కును ఇచ్చింది. ఆ సెలవును ఎప్పుడు ఇవ్వాలో, ముక్కలుగా ఇవ్వవచ్చో లేదో ఒప్పందాలకు వదిలేసింది. రెండు టోర్నీల మధ్య ఉన్నవి పదహారు రోజులు. అందులోనే జపాన్ ప్రయాణం, వేడికి అలవాటుపడటం, సాధన, సన్నాహక మ్యాచ్. ఒక చట్టం రమ్మంది, ఇంకొకటి విశ్రాంతి తీసుకోమంది. రెండూ ఢీకొన్నప్పుడు వాయిదా పడింది సెలవే. లీగ్‌లో రెండు మ్యాచ్‌లు ఆడించాక ఆగస్టు చివర్లో క్లబ్బు అతన్ని సెలవుకు పంపింది, అంటే మిగతావాళ్లు సీజన్‌లో వేడెక్కుతున్న వేళ అతను ఆగాడు.

తొడలో జరిగింది

2021 సెప్టెంబరు 14న బయెర్న్‌తో మ్యాచ్‌లో పెద్రి ఎడమ తొడ ముందు కండరం దెబ్బతింది. సెప్టెంబరు 29న బెన్‌ఫికా మ్యాచ్‌లో తిరిగి ఆడాడు, గాయం తిరగబెట్టింది. జనవరి వరకు మైదానంలోకి రాలేదు. వసంతంలో కొన్ని వారాలు అద్భుతంగా ఆడాక ఏప్రిల్ 14న ఐన్‌ట్రాఖ్ట్ ఫ్రాంక్‌ఫర్ట్‌తో మ్యాచ్‌లో అదే కాలి తొడ వెనుక కండరం దెబ్బతిని సీజన్ అక్కడితో ముగిసింది. ఐరోపా ఉత్తమ యువ ఆటగాడికిచ్చే గోల్డెన్ బాయ్, కోపా ట్రోఫీ రెండూ అతన్ని వరించింది 2021 నవంబరులో. అప్పుడతను ఆడే స్థితిలోనే లేడు.

తొడ ముందు భాగంలో నాలుగు కండరాలుంటాయి. వాటిలో ఒకటి తుంటినీ మోకాలినీ రెంటినీ దాటుతూ సాగుతుంది. బంతిని తన్నడానికి కాలు వెనక్కి లాగినప్పుడు ఆ కండరం రెండు చివర్లా సాగి, మరుక్షణం బలంగా ముడుచుకోవాలి. పరుగును ఆపేటప్పుడూ, చటుక్కున మళ్లేటప్పుడూ తొడ కండరాలు సాగుతూనే శరీర బరువును మోస్తాయి. బ్రేకు పని వాటిదే. అలసిన కండరం తెగేలోపు భరించగల బలం తగ్గిపోతుంది. పెద్రి ఆట చూసినవారికి ఇది ఇట్టే అర్థమవుతుంది. అతను పరుగు పోటీల్లో గెలిచే ఆటగాడు కాడు. రెండడుగులు వేసి, ఆగి, ఒళ్లు మళ్లించి, మీదికొచ్చినవాణ్ణి ఖాళీ వైపు పంపేసి పాస్ ఇవ్వడం అతని విద్య. అంటే అతని ఆటంతా బ్రేకు మీదే నడుస్తుంది.

పైగా ఒకసారి చిట్లిన చోట ఏర్పడే మచ్చకణజాలానికి మునుపటి సాగే గుణం ఉండదు. కండర గాయానికి అతిపెద్ద హెచ్చరిక అంతకుముందు అయిన గాయమే. 2023 ఫిబ్రవరి, అదే ఏడాది ఆగస్టు, 2024 మార్చి, ఇలా అతని తొడలు మళ్లీ మళ్లీ మొరాయించడాన్ని ఈ వెలుగులో చూడాలి. 73 మ్యాచ్‌లే గాయాలకు కారణమని ఒక్క ఆటగాడి ఉదాహరణతో నిరూపించడం కుదరదన్నది నిజమే. అతనితోపాటు రెండు టోర్నీలకూ వెళ్లిన మిగతావారందరికీ అదే గతి పట్టలేదు కూడా. అయితే వారిలో పెద్రి అంత చిన్నవాడు మరొకడు లేడు.

ఇనియెస్టా దారి వేరు

పెద్రిని అందరూ పోల్చేది ఆంద్రెస్ ఇనియెస్టాతో. ఆట తీరులో ఆ పోలిక సరే, ఎదిగిన తీరులో మాత్రం ఇద్దరిదీ చెరో దారి. ఇనియెస్టా 2002 అక్టోబరు 29న, 18 ఏళ్ల వయసులో, బార్సిలోనా ప్రధాన జట్టు తరఫున తొలిసారి ఆడాడు. ఆ సీజన్‌లో అతను ఆడినవి 6 లీగ్ మ్యాచ్‌లు, మరుసటి సీజన్‌లో 11. 2004–05లో 37 ఆడినా, చాలావాటిలో బెంచీ మీది నుంచి వచ్చి చివరి అరగంటో పావుగంటో ఆడాడు. అప్పట్లో అది అతనికి అన్యాయమని అభిమానులు వాదించేవారు. ఈ రోజు చూస్తే, ఆ బెంచీయే అతని శరీరానికి మెట్లు కట్టినట్టు తోస్తుంది. పెద్రి ఆ మెట్లేవీ ఎక్కకుండానే 16–17 ఏళ్లకు 36, 17–18 ఏళ్లకు 37 లీగ్ మ్యాచ్‌లు ఆడేశాడు.

తేడా కోచ్‌ల మనసులో కంటే క్లబ్బు ఖజానాలోనే ఎక్కువ ఉంది. ఇనియెస్టా ముందు డెకో, షావీ లాంటివాళ్లు వరసలో ఉన్నారు. 2020లో బార్సిలోనాకు అలాంటి వరస కొనే డబ్బు లేదు. ఇంట్లో పెరిగినవాళ్లనో, చవకగా దొరికినవాళ్లనో ముందుకు తోయక తప్పలేదు. పెద్రి తర్వాత 17 ఏళ్లకే క్లబ్బుకూ స్పెయిన్‌కూ ఆడిన గావి 2023 నవంబరు 19న జార్జియాతో స్పెయిన్ మ్యాచ్‌లో మోకాలి లిగమెంటు తెగి నెలల తరబడి దూరమయ్యాడు. లామిన్ యమాల్ అయితే 15 ఏళ్లకే ప్రధాన జట్టులో ఆడాడు.

క్రికెట్ పాఠకులకు ఇదంతా వింతగా తోచవచ్చు. మన దగ్గర ఐపీఎల్‌నూ జాతీయ జట్టునూ నడిపేది ఒకే బోర్డు, కాబట్టి కనీసం లెక్క ఒకే బల్ల మీద ఉంటుంది. 2025 ఇంగ్లండ్ పర్యటనలో బుమ్రా అయిదు టెస్టుల్లో మూడే ఆడతాడని ముందే చెప్పగలిగారు. అదే సిరీస్‌లో హైదరాబాదీ సిరాజ్ అయిదూ ఆడాడు కాబట్టి, బల్ల ఒక్కటైనంత మాత్రాన భారం సమంగా పంచినట్టు కాదనుకోండి. ఫుట్‌బాల్‌లో ఆ ఒక్క బల్ల కూడా లేదు. జీతమిచ్చేది క్లబ్బు, పిలిచేది సమాఖ్య, క్యాలెండర్ వేసేది ఫిఫా, ఐరోపా ఫుట్‌బాల్ సంఘం యుయెఫా, లీగ్. పెద్రి విషయంలో సీనియర్ జట్టు కోచ్ లూయిస్ ఎన్రికే, ఒలింపిక్స్ జట్టు కోచ్ లూయిస్ డె లా ఫుయెంతె, ఇద్దరూ ఒకే సమాఖ్య ఉద్యోగులు. అయినా ఇద్దరూ అతన్ని కోరుకున్నారు.

ఏం మారింది, ఏం మారలేదు

2024 వేసవిలో మళ్లీ యూరో, ఒలింపిక్స్ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఈసారి 17 ఏళ్లు నిండుతున్న యమాల్ యూరో ఆడి సెలవుకు వెళ్లాడు. అదే వయసు పావ్ కుబర్సీని యూరో తుది జట్టులోంచి తప్పించి ఒలింపిక్స్‌కు పంపారు. ఫెర్మిన్ లోపెజ్ రెండింటికీ వెళ్లాడు గానీ యూరోలో అతను మైదానంలో గడిపింది కొద్దిసేపే. నిబంధన ఏదీ మారలేదు, మారిందల్లా క్లబ్బుకూ సమాఖ్యకూ మధ్య మాటామంతీ.

పెద్రి విషయంలో మార్పు క్లబ్బు లోపలి నుంచి వచ్చింది. 2024 యూరో క్వార్టర్ ఫైనల్లో జర్మనీపై 8వ నిమిషంలోనే మోకాలి గాయంతో అతను బయటికి రావాల్సి వచ్చింది. హాన్సీ ఫ్లిక్ కోచ్‌గా, హూలియో తౌస్ శారీరక శిక్షకుడిగా వచ్చాక బలం పెంచే సాధనకు ప్రాధాన్యం పెరిగింది. 2024–25లో అతను బార్సిలోనాకు 59 మ్యాచ్‌లు ఆడాడు, లీగ్‌లో మళ్లీ 37. ఆ అంకె 2020–21 నాటి అంకెతో సరిసమానం. 22 ఏళ్ల శరీరం అంతే భారాన్ని మోయగలిగింది. ఆ వేసవిలో ఒలింపిక్స్ లేదు, క్లబ్ ప్రపంచకప్‌లో బార్సిలోనా లేదు; జూన్ 8న నేషన్స్ లీగ్ ఫైనల్ తర్వాత నెల రోజులకు పైగా సెలవు దొరికింది.

అంత విశ్రాంతి తర్వాత కూడా 2025 అక్టోబరు 26న రియల్ మాడ్రిడ్‌తో మ్యాచ్‌లో అతని ఎడమ తొడ వెనుక కండరం మళ్లీ చిట్లింది. ఆ తర్వాతి అంతర్జాతీయ విరామానికి అతను స్పెయిన్ జట్టులో లేడు. సెప్టెంబరులో స్పెయిన్ జట్టు నొప్పితోనే యమాల్‌ను ఆడించిందని ఫ్లిక్ బహిరంగంగా తప్పుపట్టి అప్పటికి రెండు నెలలైంది. నవంబరులో జాతీయ శిబిరం మొదలైన రోజే యమాల్ గజ్జల నొప్పికి చికిత్స చేయించుకున్నాడని తెలిసి సమాఖ్య ఆశ్చర్యాన్నీ అసంతృప్తినీ ప్రకటించి, అతన్ని శిబిరం నుంచి వెనక్కి పంపింది. ఆ వారం బార్సిలోనా వైద్య గదిలో పెద్రి, యమాల్ ఇద్దరూ ఉన్నారు.